పదో రాయి

గురువారం సాయంత్రం నాలుగు గంటలకు అనూరాధ మల్కాపురంలోని తన పాత స్నేహితుడు యోహాన్ ఇల్లు చేరేసరికి కేసు దాదాపు ముగిసిపోయింది. కనీసం సర్కిల్ ఇన్‌స్పెక్టర్ జగ్గారావు దృష్టిలో ముగిసిపోయింది. ముద్దాయి హాల్లో గోడవారన కూర్చుని ఉంది. మారణాయుధం అద్దాల తొట్టిలో ఈదుతోంది. బాధితుడు ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉన్నాడు. మిగిలింది కాగితాల పని.

వీధి గుమ్మం దగ్గర జనం మూగి ఉండడంతో ఆమె పెరటి దారిన వచ్చింది. పెరట్లో నీలిరంగు ప్లాస్టిక్ టబ్బు ఒకటి అంచుదాకా నిండి ఉంది. దాని చుట్టూ సిమెంటు నేల మీద ఉప్పు తెల్లని వలయంలా ఎండిపోయి ఉంది. దాన్ని చూసి, దాటి, లోపలికి నడిచింది. ఇరవై తొమ్మిదేళ్ళు ఫోరెన్సిక్ ప్రయోగశాలలో విషాలను పరీక్షించి పదవీ విరమణ చేసిన మనిషికి, కంటపడిన ప్రతిదాన్నీ దాచుకోవడం అలవాటు. అది ఎందుకు పనికొస్తుందో అప్పటికి తెలియకపోయినా సరే.

“రండి మేడమ్. మీరు ఇంకా రాలేదేటా అని చూస్తన్నాను,” అన్నాడు జగ్గారావు. ఆమె నివేదికలు ఆయన కేసులను రెండుసార్లు తలకిందులు చేశాయి. ఆ రెండూ ఆయన మరిచిపోలేదు.

“యోహాన్ ఎలా ఉన్నాడు?”

“ఊపిరి ఉంది. బీపీ పడిపోతోందంట. ఈ చేప విషం ఒంటికి పడక అలా అయిందేమో అంటున్నారు డాక్టర్లు. పొద్దున్న ఎనిమిదీ యాభైకి తొట్టి ముందు పడి ఉన్నాడు. కుడిచేతికి మూడు పోట్లు. ఇంటి రెండో తాళంచెవి ఈ దుర్గ దగ్గర. మొదట చూసింది దుర్గ. ఆ మనిషి నేల మీద పడి కొట్టుకుంటూంటే ఈవిడ వంటింట్లోకి వెళ్ళి పొయ్యి వెలిగించింది! పక్కింటి వరహాలమ్మ కిటికీలోంచి కళ్ళారా చూసింది. ఎవరైనా కాఫీ కాచుకునే సమయమా అది?”

గోడవారన ఉన్న దుర్గ తలెత్తింది. నలభై ఐదేళ్ళ మనిషి. ఫిషింగ్ హార్బర్‌లో చేపలు కొని ఇళ్ళకు వేస్తుంది. రోజూ యోహాన్ చేపకు బతికున్న రొయ్యలు తెచ్చేది ఆమే. ఈ ఉదయం తెచ్చిన రొయ్యల క్యాను ఆమె పక్కనే ఉంది. దానికి తగిలించిన బ్యాటరీ పంపు నీరసంగా బుడగలు వదులుతోంది.

“కాఫీ కాదమ్మా, యేన్నీల్లు,” అంది దుర్గ. “ముల్లు దిగితే యేన్నీల్లలో సెయ్యెట్టాలని బాబే నేర్పినాడు. ఫ్లాస్కు ఎప్పుడూ తొట్టి పక్కనే ఆ కొక్కేనికి ఏలాడుతుంది. నానొచ్చీసరికి అక్కడ నేదు. ఎతికే టయిము నేక పొయ్యెలిగించినాను.”

“నీళ్ళు ఎంత వేడి?”

“సంటిపిల్లకి తానానికి సూసినట్టు మోసేతి మీద ఏసి సూసుకున్నాను. సురుక్కుమంది గానీ కాల్నేదు. నూట ఎనిమిదోల్లొచ్చీదాకా సెయ్యి అందులోనే ఉంచినాను. సల్లారితే మల్లీ పోసినాను.”

ఈ జాతి చేపల విషం ప్రోటీను; వేడికి విరిగిపోతుంది. ఆ సంగతిని ప్రయోగశాలలో నిరూపించడానికి పరికరాలు కావలసి వచ్చాయి. ఇక్కడ ఒక మోచేయి చాలింది.

“జగ్గారావు గారూ, యోహాన్‌కు ఇంకా ఊపిరి ఉందంటే కారణం ఆ పొయ్యి. ఫ్లాస్కు దొరికిందా?”

“దొరికింది. ఫ్రిజ్ మీద, వెనక్కి తోసి ఉంది. నిండుగా, మూత కూడా తీయకుండా. ఈవిడే దాచి ఉంటుంది.”

“దాచిన మనిషి మళ్ళీ నీళ్ళు కాచి పోస్తుందా?”

“మనసు మార్చుకుంది. ఆడవాళ్ళు మార్చుకోరా?”

“ఇన్‌స్పెక్టర్లు మార్చుకోరు. అదే నా బాధ.”

జగ్గారావు వాచీ చూసుకున్నాడు. “ఆదివారం యోహాన్ ఎవరి మీదో గట్టిగా అరిచాడని కూడా వరహాలమ్మ చెప్పింది. ఎవరి మీదని ఈవిణ్ని అడిగితే నోరు విప్పదు. అరగంటలో మధురవాడ నుంచి అక్వేరియం షాపతను వస్తాడు, చేపను పట్టుకుపోవడానికి. అతను బయల్దేరగానే నేనూ బయల్దేరుతాను, ఈవిడతో. ఆ అరగంట మీది.”

అరగంట. అనూరాధ తొట్టి వైపు తిరిగింది.

యోహాన్ ఇరవై ఎనిమిదేళ్ళు ఓడరేవులో గజ ఈతగాడిగా, అంటే ఓడల అడుగు భాగాలను నీటిలో దిగి తనిఖీ చేసే డైవర్‌గా పనిచేశాడు. అయిదేళ్ళ కిందట వలలో పడి, జాలర్లు కర్రతో తీసి పారేయబోయిన బొటనవేలంత లయన్‌ఫిష్‌ను దుర్గ నీళ్ళ సంచిలో తెచ్చి ఇచ్చింది. ఇప్పుడది జానెడు పొడుగుంది. ఎరుపూ తెలుపూ చారలు, విసనకర్రల్లా విచ్చుకున్న రెక్కలు, ఎవరినీ తరమని, ఎవరికీ బెదరని నడక. యోహాన్ దాన్ని ‘దొర’ అని పిలిచేవాడు. చూసినవాళ్ళు ఆ పెద్ద రెక్కలకు భయపడతారు. నిజానికి వాటిలో విషం లేదు. విషం వెన్ను మీద పదమూడు సన్నని ముళ్ళలోనూ, పొట్ట కింద మరికొన్నింటిలోనూ ఉంటుంది. అదీ తనను తాను కాపాడుకోవడానికే. ‘విషాన్ని ఇంట్లో పెట్టుకున్నాడు, కీడు తగిలింది’ అని వీధిలో ఎవరో అంటున్న మాట ఆమె చెవిన పడింది. కీడు సంగతి ఆమెకు తెలియదు. ఆ తొట్టిలో నీరు మాత్రం మంచి వైద్యుడి చేతి గోళ్ళలా శుభ్రంగా ఉంది.

ఎప్పుడూ ఎడమవైపు గుహలో ఉండే దొర ఈ వేళ కుడివైపు పైమూలలో ఉంది. తల కిందికి వంచి, వెన్నుముళ్ళన్నీ నిక్కబొడిచి, సరిగ్గా తన కింది మూలకు గురిపెట్టి, కదలకుండా తేలుతోంది. లయన్‌ఫిష్ అలా నిలబడేది ప్రమాదం ఎదుట ఉన్నప్పుడే. కింది మూలలో మాత్రం రాళ్ళు తప్ప ఏమీ లేవు.

“పోట్ల ఫొటో ఉందా?”

జగ్గారావు ఫోన్ చూపించాడు. అరచేతిలో రెండు, చూపుడువేలి కొసన ఒకటి. లోతుగా, వరుసగా.

“ఈదే చేప గుచ్చితే ముంజేతి మీదో, చేతి వెనకో పడాలి. ఇవి అరచేతిలో పడ్డాయి. అంటే పైనుంచి చేయి ఆనించి నొక్కాడు.”

“పట్టుకోబోయాడు.”

“అయిదేళ్ళలో ఒక్కసారి కూడా పట్టుకోలేదు. మేత సైతం బారెడు పటకారుతో పెట్టేవాడు. దుర్గా, తొట్టిలో చేయి పెట్టాల్సి వస్తే ఏం చేసేవాడు?”

“టెండరుంటే గానీ ఎట్టడమ్మా,” అంది దుర్గ వెంటనే.

జగ్గారావు కనుబొమ్మలు ముడిచాడు. అనూరాధ గోడకు తగిలించిన తెల్లని ప్లాస్టిక్ పలకను చూపించింది. నీటిలోనూ పెన్సిలుతో రాసుకోవడానికి డైవర్లు వాడే పలక అది.

“డైవర్ నీటిలో దిగితే గట్టు మీద తాడు పట్టుకుని ఒక మనిషి నిలబడతాడు. అతన్ని టెండర్ అంటారు. టెండర్ లేకుండా దిగడం వాళ్ళకు పాపంతో సమానం. యోహాన్ ఈ చిన్న సముద్రానికీ అదే నియమం పెట్టుకున్నాడు. చేయి లోపల పెట్టేముందు వేళ రాస్తాడు. పక్కన టెండర్ ఫ్లాస్కు పట్టుకుని నిలబడాలి. చేయి క్షేమంగా బయటికి వచ్చాక వేళ వేసి టెండర్ సంతకం పెట్టాలి. దుర్గ వేలిముద్ర వేస్తుంది. చూడండి, వారమంతా ఉన్నాయి.”

పలక మీద చివరి రెండు పంక్తులు ఆ రోజువి. ‘7.00. నీటిమట్టం గీతకు సరి. మంచినీళ్ళ డబ్బాలో 18 లీటర్లు.’ కింద: ‘7.40. చేయి లోపలికి.’ ఆ తరవాత ఖాళీ.

“ఏడూ నలభైకి యోహాన్ పక్కన ఒక టెండర్ నిలబడి ఉన్నాడు. లేకపోతే ఈ పంక్తి రాసేవాడే కాదు. ఆ టెండరే ఫ్లాస్కును ఫ్రిజ్ మీదికి చేర్చాడు.”

“ఆ టెండర్ ఎవరో మీ నోటితోనే చెప్పారు కదా,” అన్నాడు జగ్గారావు. ఆయన గొంతులో సంతృప్తి. “వారమంతా వేలిముద్రలు ఈవిడవే!”

దుర్గ ముఖం పాలిపోయింది. “ఏడూ నలబైకి నాను హార్బర్‌లో రొయ్యల ఏలంపాట కాడున్నాను బాబూ! అక్కడోల్లందర్నీ అడగండి!”

“అడిగాను. అందరూ నీ వాళ్ళే. ఒకరికొకరు సాక్ష్యం.”

టెండర్ సంగతి చెప్పి తాను తవ్విన గోతిలో దుర్గ పడబోతోందని అనూరాధకు అర్థమైంది. ఆమె తొట్టి అద్దానికి కళ్ళు ఆనించి నీటి అంచును చూసింది. అద్దం మీద యోహాన్ గీసిన పెన్సిలు గీత ఉంది. నీరు సరిగ్గా ఆ గీత మీదే ఉంది.

అది తప్పు.

తొట్టి మీద ఫ్యాను తిరుగుతూనే ఉంది. తొమ్మిది గంటల్లో నీరు ఆవిరై రెండు మిల్లీమీటర్లయినా దిగి ఉండాలి. అందుకే కదా రోజూ ఉదయం మంచినీళ్ళు కలపడం! ఆమె వంగి డబ్బా చూసింది. పద్దెనిమిది లీటర్లు, చుక్క తగ్గలేదు. ఎవరూ నీళ్ళు పోయలేదు. పోయకుండానే నీరు దిగలేదు. అంటే పొద్దుటి నుంచి ఈ తొట్టిలో ఏదో కొత్త వస్తువు మునిగి ఉంది. తన పరిమాణమంత నీటిని పైకి నెట్టి ఉంది. రెండు వేల ఏళ్ళనాటి స్నానపుతొట్టి సూత్రం. అబద్ధమాడడం దానికి చేతకాదు.

“దుర్గా, తొట్టిలో రాళ్ళెన్ని?”

“తొమ్మిదమ్మా. నెల నెలా తీసి తోముతాను కదా.”

అనూరాధ ఎడమ నుంచి లెక్కపెట్టింది. కుడి మూలకు వచ్చేసరికి పది అయింది.

అప్పుడే వీధి గుమ్మం దగ్గర బకెట్ల చప్పుడైంది. అక్వేరియం షాపతను, ముప్పై అయిదేళ్ళ సుమంత్, లోపలికి వచ్చాడు. వల, రెండు మూతల బకెట్లు, భుజాన సంచి. యోహాన్‌కు తొట్టి అమర్చి ఇచ్చింది అతనే. అయిదేళ్ళుగా మందులూ ఉప్పూ సరఫరా చేస్తున్నదీ అతనే.

“నమస్తే సార్. నమస్తే మేడమ్. పాపం అంకుల్... ఎన్నిసార్లు చెప్పానో, ఇది పిల్లి కాదు అంకుల్, జాగ్రత్త అని.” అతని కళ్ళు చెమ్మగిల్లాయి కూడా. “రాళ్ళు కూడా తీసుకెళ్ళిపోతాను సార్. రాళ్ళతో సహా మారిస్తే చేప తట్టుకుంటుంది.”

“చక్కగా చేయి,” అన్నాడు జగ్గారావు.

దుర్గ అతన్ని చూసి పెదవులు బిగించింది. చీరకొంగును పిడికిట్లో నలిపింది. కాని ఏమీ అనలేదు. అనూరాధ ఆ మౌనాన్ని కూడా దాచుకుంది. ఆదివారం యోహాన్ ఆమెకు ఫోన్ చేసినప్పుడు చెప్పిన మాట గుర్తుకొచ్చింది: ‘సముద్రం అడుగున బతికున్న పగడాలను గునపాలతో పెళ్ళగించి అమ్ముకుంటున్నారమ్మా. ఎవరో తెలిసింది. శుక్రవారం అటవీ శాఖ వన్యప్రాణి విభాగానికి వాంగ్మూలం ఇస్తాను.’ పేరు చెప్పలేదు. శుక్రవారం అంటే రేపు.

సుమంత్ పని చూడముచ్చటగా ఉంది. దొరను తొందరపెట్టలేదు. వల ఒకవైపు, బకెట్ ఒకవైపు పెట్టి, దానంతట అదే వచ్చినట్టుగా బకెట్‌లోకి మళ్ళించాడు. తరవాత చొక్కా చేయి మడిచి ఎడమవైపు రాయి తీశాడు. ఒట్టి చేత్తో. రెండోది. మూడోది. తొమ్మిదోది కూడా ఒట్టి చేత్తోనే తీశాడు. పదో రాయి దగ్గర అతని చేయి నీటి పైనే ఆగింది. అది వెనక్కి వచ్చి సంచిలోంచి పొడవాటి ఇనుప పటకారు తీసింది.

“ఒక్క నిమిషం సుమంత్,” అంది అనూరాధ. “తొమ్మిదింటిని చేత్తో తీశావు. పదోదానికి పటకారు ఎందుకు?”

“మూల కదా మేడమ్. అందదు.”

“నీ చేయి పొడవే. మొదటి రాయి ఇంకా లోతున ఉండింది.”

“నాచు పట్టి ఉంది మేడమ్, జారుతుంది...”

“సరే. నాచు పట్టిన రాయిని జగ్గారావు గారు తీస్తారు. ఆయనకు భయం లేదు. ఏమండీ?”

జగ్గారావు ఆమెను చూశాడు, రాయిని చూశాడు, సుమంత్‌ను చూశాడు. సుమంత్ పెదవులు ఎండిపోయాయి. పోలీసు ఉద్యోగంలో ఇరవై రెండేళ్ళు ఊరికే పోలేదు. ఆయన చేయి చాచలేదు. ఒక అడుగు వెనక్కి వేసి, గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

“దుర్గా,” అంది అనూరాధ, “ఒక రొయ్యను ఆ మూలలో వేయి. పైనుంచే.”

దుర్గ క్యానులోంచి రొయ్యను జాలిగరిటెతో తీసి జారవిడిచింది. రొయ్య కాళ్ళాడిస్తూ మెల్లగా దిగింది. రాయికి జానెడు దూరం. బెత్తెడు. ఆ పైన ఏం జరిగిందో ఎవరి కంటికీ ఆనలేదు. రొయ్య లేదు. రాయి ఉంది. నాచు కింద నోటి గీత ఒకటి మూసుకుంటోంది. దాని మీద రెండు చిన్న కళ్ళు.

“యెహోవా,” అని దుర్గ గొణిగింది. అది యోహాన్ దగ్గర నేర్చుకున్న మాట.

“స్టోన్‌ఫిష్,” అంది అనూరాధ. తన గొంతులోకి మెప్పు తొంగిచూడడం ఆమెకే తెలిసింది. ఇంత సంపూర్ణమైన వేషం ఏ నేరస్థుడూ వేయలేడు. “రాయిలా పడి ఉంటుంది. వెన్ను మీద తొక్కితే, నొక్కితే ముళ్ళు దిగుతాయి. దొర విషం మనిషిని ఏడిపిస్తుంది. దీనిది గుండెను ఆపగలదు. డాక్టర్లు తప్పు చేపకు వైద్యం చేస్తున్నారు.”

ఆమె మాట్లాడుతూనే ఆసుపత్రికి ఫోన్ కలిపింది. చేప పేరు, పోట్ల సంఖ్య, వేళ చెప్పింది. అవతల డాక్టరు రెండు ప్రశ్నలడిగి, గుండె లయ మీద నిఘా పెంచుతున్నామనీ, విరుగుడు మందు కోసం విచారిస్తామనీ అన్నాడు. ‘ఆసుపత్రికి రాకముందే వేడినీళ్ళు పెట్టిందెవరో గానీ, మాకు పని మిగిల్చారు’ అన్నాడు.

“యోహాన్‌కు ఇది రాయి కాదని తెలియదా?” అడిగాడు జగ్గారావు. గొంతు మారింది.

“చూస్తే తెలిసేది. కాని ఆయన చూడడు. ఓడరేవు మురికినీళ్ళలో ఇరవై ఎనిమిదేళ్ళు కళ్ళతో పని లేకుండా వేళ్ళతోనే చూసిన మనిషి. కొత్త రాయి కదులుతోందేమో చూడండి అంకుల్ అని ఎవరైనా అంటే అరచెయ్యి ఆనించి నొక్కి చూస్తాడు. అది తెలిసినవాడు, టెండర్‌గా ఆయన నమ్మినవాడు, ఫ్లాస్కును అందకుండా పెట్టి నిలబడ్డాడు.”

“ఆదివారం బాబు అరిసింది ఈడి మీదేనమ్మా!” దుర్గ లేచి నిలబడింది. “పగడాలు పెకలిస్తన్నావా, సిగ్గునేదా అని. శుక్రవారం దాకా ఎవులికీ సెప్పొద్దని బాబు నా సేత ఒట్టేయించుకున్నాడు. అందుకే నోరిప్పనేదు.”

“ఒట్టు కోసం జైలుకు పోయేదానివా!” అన్నాడు జగ్గారావు. అది తిట్టో మెచ్చుకోలో ఆయనకే తెలిసినట్టు లేదు. సుమంత్ మణికట్టు ఆయన చేతిలో ఉంది. సుమంత్ నేల చూస్తూ నిలబడ్డాడు.

“నానింక ఎల్లొచ్చా బాబూ?” అంది దుర్గ.

“వెళ్ళమ్మా.”

దుర్గ కళ్ళు తుడుచుకుని వంగి క్యాను ఎత్తింది. “ఈ రొయ్యలు సచ్చిపోతాయి. టబ్బులో పోసేసొత్తాను.”

ఆమె పెరటివైపు నడిచింది. అంతవరకు నేల చూస్తున్న సుమంత్ తల లేచింది. అతని కళ్ళు ఆమె వీపు వెంట వెళ్ళాయి. వెళ్ళి, గబుక్కున వెనక్కి వచ్చాయి.

ఉప్పు వలయం.

అంచుదాకా నిండిన టబ్బు. పొర్లి ఎండిన సముద్రపు నీరు. ఆ టబ్బులో రోజూ చేయి పెట్టేదీ, ఆదివారం మాటలు విన్నదీ దుర్గే. అన్నీ ఒక్కసారి అనూరాధ తలలో కలిశాయి. అరవై ఏళ్ళ మోకాళ్ళను లెక్కచేయకుండా ఆమె పరుగెత్తింది.

దుర్గ అప్పటికే రొయ్యలను పోసేసింది. చచ్చిన రొయ్యలను ఏరడానికి గాజులు పైకి తోసుకుని చేయి దింపుతోంది. వేలికొసలు తడిశాయి. అనూరాధ రెండు చేతులతో ఆ ముంజేతిని పట్టి పైకి లాగింది. ఇద్దరూ సిమెంటు నేల మీద కూలబడ్డారు.

కొంతసేపటికి దుర్గ మెడ చాచి టబ్బులోకి చూసింది. అడుగున, గాలి బుడగల మధ్య, ముదురాకుపచ్చని రాయి ఒకటి ఉంది.

“ఈ టబ్బులో నానెప్పుడూ రాయెయ్యనేదమ్మా,” అంది మెల్లగా.

“తెలుసు.”

దుర్గ తన చేతిని, దాన్ని ఇంకా వదలని అనూరాధ చేతులను చూసింది. “ఈయేల నాకు మీరే టెండరు.”

హాల్లోకి తిరిగి వచ్చాక అనూరాధ గోడ మీది పలకను దించి, పెన్సిలు తీసుకుంది. అక్షరాలు కుదురుగానే పడ్డాయి: ‘4.45. దుర్గ చేయి క్షేమంగా బయటికి. టెండర్: అనూరాధ.’

తరవాత పలకను, పెన్సిలును సుమంత్ ముందుకు చాచింది.

“పైన, ఏడూ నలభై దగ్గర ఒక సంతకం ఖాళీగా ఉంది,” అంది. “అది నీది.”